హాఫ్ ప్లీజ్! ఇంగ్లండ్ పల్లెల్లో బీరు, సైడర్ రుచి చూడడం ఎలా

మా బావమరిది హైదరాబాద్ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు ష్రాప్‌షైర్‌లోని లడ్లో ఊళ్ళో ఒక పాత పబ్బుకి తీసుకెళ్ళాను. బిట్టర్ అనే గోధుమరంగు బీరు ఒక పైంట్, అంటే అరలీటరు పైన పట్టే గ్లాసు, చేతిలో పెడితే, ఒక గుక్క తాగి నా చెవి దగ్గరకి వచ్చి, "బావా, కూలింగ్ లేదు. ఫ్రిజ్ పాడైందేమో, అడుగు" అన్నాడు. ఫ్రిజ్ పాడవలేదు, అసలు ఆ బీరు ఫ్రిజ్ మొహమే చూడదు. ఆ సంగతి ముందే చెప్పకపోవడం నా తప్పు. మూడో రోజుకి వాడే బార్ దగ్గర నిలబడి ఏ పీపా ఎప్పుడు తెరిచారని అడగడం మొదలుపెట్టాడనుకోండి, అది వేరే కథ.

లండన్ చూసేసి ఇంకో నాలుగు రోజులు సెలవు మిగిలినవాళ్ళకి, ఇక్కడే ఉంటూ ఎప్పుడూ సూపర్ మార్కెట్ డబ్బా బీరే తాగే మనవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నా. బలంగా కొట్టించే బీరు కావాలంటే మాత్రం ఈ ప్రయాణం మీకు కాదు. ఇక్కడ పని రుచి చూడడం, అందుకని మొదటి నుంచి చివరి దాకా మీ నోట్లో ఉండాల్సిన, అర పైంట్ చాలని చెప్పే మాట ఒకటే: "హాఫ్ ప్లీజ్."

1. ఒక్క ప్రాంతం పట్టుకోండి

ఇంగ్లండ్ అంతా తిరిగి అన్నీ తాగుదామనుకుంటే రైళ్ళలోనే సెలవు అయిపోతుంది. నా ఓటు వేల్స్ సరిహద్దుని ఆనుకుని ఉన్న హెరిఫర్డ్‌షైర్, దాని పైనున్న దక్షిణ ష్రాప్‌షైర్‌కి. కారణం సులువు. బీరుకి చేదునిచ్చే హాప్స్ తోటలు, రసం పులియబెట్టి సైడర్ చేసే ఆపిల్ తోటలు, అలాగే పెర్రీ చేసే పియర్ చెట్లు మూడూ పక్కపక్కనే ఉండే చోటు ఇది. సోమర్సెట్, డెవన్ కూడా సైడర్‌కి పేరున్నవే, అక్కడి వాళ్ళు నా మాటకి ఒప్పుకోరు. కానీ పెర్రీ దగ్గరికొచ్చేసరికి హెరిఫర్డ్‌షైర్, గ్లాస్టర్‌షైర్, వూస్టర్‌షైర్ మూడు జిల్లాలదే పైచేయి.

మకాం రెండు చోట్ల పెట్టండి. లెడ్‌బరీలో రెండు రాత్రులు, లడ్లోలో రెండు రాత్రులు. రెండింటికీ రైల్వే స్టేషన్ ఉంది. బర్మింగ్‌హామ్ నుంచి హెరిఫర్డ్ వెళ్ళే రైలు లెడ్‌బరీలో ఆగుతుంది, హెరిఫర్డ్‌లో మారితే లడ్లో. కారు లేకపోయినా గడిచిపోతుంది, ఇంకా చెప్పాలంటే కారు లేకపోతేనే మేలు.

ఎప్పుడు వెళ్ళాలి? మే మొదట్లో వెళితే తోటలన్నీ తెలుపు, గులాబీ పూతతో ఉంటాయి. సెప్టెంబర్‌లో హాప్స్ కోస్తారు, అప్పుడే కోసిన పచ్చి హాప్స్‌తో కాచిన బీర్లు ఆ తర్వాత కొద్ది వారాలు మాత్రమే దొరుకుతాయి. అక్టోబర్‌లో అయితే ఆపిల్స్ ట్రాక్టర్ ట్రక్కుల్లో గుట్టలుగా పోతుంటాయి, రోడ్డంతా పులిసిన పండ్ల వాసన. నాకు ఇష్టం అక్టోబరే. చలి మొదలవుతుంది కాబట్టి పబ్బుల్లో కట్టెల పొయ్యి వెలిగిస్తారు. జనవరిలో, సుమారుగా మన కనుమ రోజుల్లోనే, కొన్ని తోటల్లో వాసెయిల్ అని చేస్తారు: రాత్రిపూట చెట్టు మొదట్లో సైడర్ పోసి, కొమ్మలకి కాల్చిన రొట్టె ముక్కలు తగిలించి, కాపు బాగా రావాలని పాటలు పాడతారు. పశువులకి బొట్టు పెట్టి మొక్కే ఊళ్ళ నుంచి వచ్చిన మనకి అందులో వింతేమీ అనిపించదు.

2. ఎలా తిరగాలో ముందే తేల్చుకోండి

ఇది బోరు కొట్టే భాగమే కానీ ఇక్కడ తప్పు చేస్తే మిగతాదంతా వృథా. ఇంగ్లండ్‌లో డ్రైవర్‌కి అనుమతించే హద్దు వంద మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్. స్కాట్లండ్‌లో 50, మన ఇండియాలో 30. ఇక్కడ హద్దు ఎక్కువే కదా, ఒకటి వేసుకుని నడపొచ్చు అని లెక్కలు వేయకండి. పల్లె రోడ్లు రెండు కార్లు పట్టనంత సన్నగా, రెండు వైపులా తలెత్తు పొదలతో ఉంటాయి. మలుపు తిరగ్గానే గొర్రెల మంద. నడిపేవాళ్ళు అస్సలు తాగకూడదు, అంతే. వాళ్ళకి నచ్చినవి సీసాల్లో కొనిచ్చి రాత్రి బసకొచ్చాక తాగనివ్వండి, గొడవ ఉండదు.

బస్సులు ఉంటాయి, కానీ చాలా ఊళ్ళకి రోజుకి నాలుగైదే, ఆదివారం దాదాపు ఉండవు. ఊబర్ నమ్ముకోకండి, పల్లెల్లో యాప్ తెరిస్తే మ్యాప్ మీద ఒక్క కారు కనిపించదు. లోకల్ ట్యాక్సీని పొద్దున్నే ఫోన్ చేసి తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకోవాలి. నా మొదటి ట్రిప్పులో చివరి బస్సు వెళ్ళిపోయింది, ఫోన్‌కి సిగ్నల్ లేదు, ఆ చీకట్లో మూడు మైళ్ళు నడిచాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నా గానీ ఆ రాత్రి ప్రతి గొర్రె దగ్గుకీ ఉలిక్కిపడ్డాను.

ఇంకో సంగతి. చాలా పల్లె పబ్బులు సోమవారం మూసేస్తారు. మధ్యాహ్నం వంట రెండు, రెండున్నరకి ఆపేస్తారు, మళ్ళీ ఆరు దాటాకే. వెళ్ళే ముందు ఆ పబ్బు పేజీలో టైమింగ్స్ చూసుకోండి. వయసు 18 దాటాలి. మొహం పాతికేళ్ళ లోపులా కనిపిస్తే గుర్తింపు కార్డు అడుగుతారు, మనవాళ్ళలో చాలామంది అలాగే కనిపిస్తారు కాబట్టి పాస్‌పోర్టో లైసెన్సో జేబులో ఉంచుకోండి.

3. బార్ దగ్గర ఏం చేయాలి

కుర్చీలో కూర్చుని ఎవరో వచ్చి ఆర్డర్ తీసుకుంటారని ఎదురు చూస్తే సాయంత్రం దాకా కూర్చుంటారు. లేచి బార్ దగ్గరికి వెళ్ళాలి. క్యూ కనిపించదు కానీ ఉంటుంది: ఎవరు ముందొచ్చారో బార్‌లో ఉన్నవాళ్ళకి గుర్తుంటుంది, పక్కనున్నవాళ్ళకి ఇంకా బాగా గుర్తుంటుంది. డబ్బుల నోటు ఊపడం, వేళ్ళు చిటికేయడం అస్సలు వద్దు. మీ వంతు రాకముందే బార్ వాళ్ళు మిమ్మల్ని అడిగితే "ఈయన ముందు వచ్చారు" అని పక్కాయన్ని చూపించండి, ఆ ఒక్క మాటతో ఊరంతా మీకు స్నేహితులైపోతారు.

బార్ మీద వరుసగా నిలువు పిడులు కనిపిస్తాయి, ఒక్కోదానికి ఒక బొమ్మ బిళ్ళ తగిలించి ఉంటుంది. బీరు పేరు, కాచినవాళ్ళ పేరు, ఆల్కహాల్ శాతం దాని మీదే ఉంటాయి. బిళ్ళ వెనక్కి తిప్పి ఉంటే ఆ బీరు అయిపోయిందనో, ఇంకా సిద్ధం కాలేదనో అర్థం.

ఏది తాగాలో తేలకపోతే సిగ్గుపడకుండా "కొంచెం రుచి చూడొచ్చా" అని అడగండి. చిన్న గ్లాసులో రెండు గుక్కలు ఉచితంగా పోస్తారు. రెండు రకాలు అడగొచ్చు, ఆరు అడిగితే మర్యాద కాదు. ఆ తర్వాత హాఫ్. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, హాఫ్ 284. కొన్ని చోట్ల పైంట్‌లో మూడో వంతు గ్లాసులు మూడు కలిపి ఒక చెక్క పలక మీద పెట్టిస్తారు, అది దొరికితే వదలకండి. మగవాళ్ళు హాఫ్ తాగితే నవ్వుతారని భయపడేవాళ్ళు ఉన్నారు. ఆ కాలం పోయింది, పోకపోయినా మనకేం.

డబ్బులు అప్పుడే కట్టేయాలి, ఒక పైంట్ నాలుగు నుంచి ఆరు పౌండ్ల మధ్య ఉంటుంది. టిప్పు పెట్టే అలవాటు బార్‌లో లేదు. బాగా చూసుకున్నారనిపిస్తే "మీకూ ఒకటి తీసుకోండి" అంటారు, వాళ్ళు దాని ఖరీదు బిల్లులో వేసుకుంటారు. నలుగురు కలిసి వెళితే ఒక్కొక్కరు ఒక్కో వరస అందరికీ కొంటారు, దాన్ని రౌండ్ అంటారు. రౌండ్‌లో ఇరుక్కుంటే మిగతావాళ్ళ వేగంతో తాగాల్సొస్తుంది, మొహమాటం మనకి మామూలుగానే ఎక్కువ. ముందే "నాది నేను కొనుక్కుంటా, చిన్నవి తాగుతున్నా" అని చెప్పేయండి.

4. ఆ బీరు చల్లగా ఎందుకుండదు

మా బావమరిది ప్రశ్నకి జవాబు ఇది. పిడి లాగితే వచ్చే బీరుని కాస్క్ ఏల్ అంటారు, రియల్ ఏల్ అని కూడా. బ్రూవరీలో వడగట్టి, వేడి చేసి, ఈస్ట్‌ని చంపి పంపే బీరు కాదిది. ఈస్ట్ బతికుండగానే పీపాలో పోసి పంపుతారు, పబ్బు నేలమాళిగలో అది ఇంకా పులుస్తూ తన బుడగలు తనే పుట్టించుకుంటుంది. మామూలు పీపా పేరు ఫర్కిన్, 72 పైంట్లు పడుతుంది. నేలమాళిగలో వేడి 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచుతారు. అంటే కుండలో నీళ్ళ చల్లదనం అనుకోండి. డబ్బాల్లో దొరికే మామూలు లాగర్ బీరులాగా మూడు నాలుగు డిగ్రీలకి దించితే నాలుక మొద్దుబారి సగం రుచి తెలియదు.

పీపా తెరిచాక బీరు దిగుతున్న కొద్దీ లోపలికి గాలి వెళుతుంది, అందుకే మూడు రోజుల్లో అమ్ముకోవాలి, లేదంటే పులిసిపోతుంది. మనకి దీన్ని అర్థం చేసుకోవడం ఇంగ్లీషు వాళ్ళ కంటే తేలిక. పొద్దున దింపిన ఈత కల్లు ఎలా ఉంటుంది, అదే లొట్టిలోది సాయంత్రానికి ఏమవుతుంది? అలాంటి ప్రాణమున్న సరుకే ఇదీ, కాకపోతే గంటల బదులు రోజులు. అందుకని జనం కదిలే పబ్బుకి వెళ్ళండి. ఎనిమిది పిడులుండి ముగ్గురే కూర్చున్న చోటు కంటే మూడు పిడులుండి ముప్పై మంది ఉన్న చోటు నయం.

ఈ బీరు ఇంకా బతికుండడానికి ఒక కారణం కామ్రా అనే తాగేవాళ్ళ సంఘం. 1971లో, పెద్ద కంపెనీలు అన్నింటినీ గ్యాస్ ఎక్కించిన బీరుగా మార్చేస్తున్నప్పుడు మొదలైంది. ఏటా వాళ్ళు తెచ్చే గుడ్ బీర్ గైడ్‌లో మీరు వెళ్ళే ఊరి పబ్బు ఉందేమో చూసుకుంటే చాలు, ఇంకేం రివ్యూలు చదవక్కర్లేదు.

5. బీర్లు ఏ వరసలో

బలం తక్కువది ముందు, ఎక్కువది తర్వాత. లేత రంగు ముందు, నలుపు తర్వాత. ఈ రెండు గుర్తుంటే చాలు.

మొదట గోల్డెన్ లేదా పేల్ ఏల్. వై వ్యాలీ అనే బ్రూవరీ వాళ్ళ హెచ్‌పీఏ అనే బీరు 4 శాతం, తేలిగ్గా, నిమ్మతొక్క వాసనతో ఉంటుంది. ఆ తర్వాత బిట్టర్, అంటే ఈ దేశపు పప్పన్నం. అదే వై వ్యాలీ వాళ్ళ బట్టీ బాక్, 4.5 శాతం, పేరు వెల్ష్ భాషలో చిన్న దోస్తు అని. ఈ బ్రూవరీ స్టోక్ లేసీ అనే పల్లెలో ఉంది, హెరిఫర్డ్‌షైర్‌లో ఏ పబ్బులో చూసినా వీళ్ళ బిళ్ళ ఒకటి కనిపిస్తుంది. లడ్లోలో దిగితే స్టేషన్ పక్కనే పాత రైల్వే షెడ్డులో లడ్లో బ్రూయింగ్ కంపెనీ ఉంది, కాచే పాత్రలు చూస్తూ వాటి పక్కనే కూర్చుని తాగొచ్చు. రైలుకి ఇంకా నలభై నిమిషాలుందంటే నేను కాలక్షేపం చేసేది అక్కడే.

మైల్డ్ అనే రకాన్ని చాలామంది దాటేస్తారు. ముదురు రంగు, చేదు తక్కువ, మాడీ మాడని బెల్లం లాంటి రుచి, మూడు మూడున్నర శాతమే. క్లీబరీ మార్టిమర్‌లోని హాబ్సన్స్ బ్రూవరీ వాళ్ళ మైల్డ్ 3.2 శాతమే ఉన్నా 2007లో దేశం మొత్తంలో ఛాంపియన్ బీరుగా గెలిచింది. బలానికీ రుచికీ సంబంధం లేదని ఎవరితోనైనా వాదించాల్సి వస్తే నేను వాడే ఉదాహరణ ఇదే.

ఒక రోజు చేతిలో ఉంటే బిషప్స్ కాసిల్ అనే చిన్న ఊరికి వెళ్ళండి. రైలు లేదు, బస్సో ట్యాక్సీయో. కొండ మీదికి ఎక్కే ఒకే ఒక్క పెద్ద వీధి, పైన త్రీ టన్స్ పబ్బు, దాని పక్కన అంతస్తులు అంతస్తులుగా పైకి లేచిన విక్టోరియా కాలపు బ్రూవరీ భవనం. ఇక్కడ బీరు కాయడానికి లైసెన్సు 1642 నాటిదని చెబుతారు. 1642 అంటే మన దగ్గర గోల్కొండలో కుతుబ్‌షాహీలు ఏలుతున్న రోజులు.

బలం లెక్క ఒకటి చెప్పి బీరు ముగిస్తా. ఇక్కడ 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్‌ని ఒక యూనిట్ అంటారు. 4 శాతం పైంట్‌లో దాదాపు 2.3 యూనిట్లు. మన దగ్గరి 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతమైతే ఒక్క సీసాలోనే 5.2. వారానికి 14 దాటొద్దని ఇక్కడి ప్రభుత్వ వైద్యుల సలహా. హాఫ్‌లు తాగితే నాలుగు రోజుల్లో పది రకాలు చూసినా ఆ హద్దుకి దగ్గరగానే ఉంటారు, పైంట్లయితే మూడో రోజే దాటేస్తారు.

6. సైడర్, ఇక్కడ జాగ్రత్త

నా రెండో ట్రిప్పులో ఒక తోటలో, ఎండలో నడిచొచ్చి దాహమేసి, ఆపిల్ రసమే కదా అని రెండు పైంట్లు గటగటా తాగేశాను. రుచి బాగుంది, బుడగలు లేవు, చల్లగా ఉంది. లేచి నిలబడితే కాళ్ళు నావి కావనిపించింది. తర్వాత చూస్తే 7 శాతం. అంటే ఒక్కో పైంట్‌లో దాదాపు నాలుగు యూనిట్లు. ఊళ్ళో తయారయ్యే సైడర్ మామూలుగా 6 నుంచి 8 శాతం ఉంటుంది, బీరుతో పోలిక లేదు. సైడర్‌కి హాఫ్ కూడా ఎక్కువే, మూడో వంతు చాలు.

ముందుగా తెలుసుకోవాల్సింది ఏంటంటే సైడర్ ఆపిల్స్ తినే ఆపిల్స్ కావు. చెట్టు కింద రాలినదాన్ని ఒకటి కొరికి చూడండి, తోట వాళ్ళని అడిగి. నాలుక, చిగుళ్ళు మొత్తం బిగుసుకుపోతాయి. పచ్చి అరటికాయ, లేత జామకాయ, నేరేడు కొరికినట్టు. ఆ రుచికి మన దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాట ఉంది: వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె పని అదే. ఇంగ్లీషులో పాపం దీనికి ఇంట్లో వాడే మాట లేదు, టానిన్ అని రసాయనం పేరు చెప్పి ఊరుకుంటారు. సైడర్ రుచి మొత్తం మూడు తాళ్ళ మీద నడుస్తుంది: తీపి, పులుపు, వగరు. గ్లాసు చేతిలో ఉన్నప్పుడు ఈ మూడింటిలో ఏది ముందొచ్చింది, ఏది మింగాక మిగిలింది అని చూసుకుంటే చాలు, వైన్ వాళ్ళ పెద్దపెద్ద మాటలతో పనిలేదు.

ఆపిల్స్‌ని కూడా దీన్ని బట్టే విడదీస్తారు. తీపి, వగరు కలిసినవి ఒక జాతి: డాబినెట్, యార్లింగ్టన్ మిల్. పులుపు, వగరు కలిసినవి ఇంకో జాతి: కింగ్‌స్టన్ బ్లాక్, ఫాక్స్‌వెల్ప్. ఫాక్స్‌వెల్ప్ ఒక్కదానితోనే చేసిన సైడర్ దొరికితే చిన్న గ్లాసు తాగండి. చింతకాయ తిన్నట్టు కళ్ళు మూతపడతాయి, నాకు మాత్రం ప్రాణం.

సీసా మీద డ్రై, మీడియం, స్వీట్ అని ఉంటుంది. డ్రై అంటే పండులోని చక్కెరంతా ఈస్ట్ తినేసింది, తీపి మిగల్లేదు. అలవాటు లేనివాళ్ళు మీడియంతో మొదలుపెట్టి డ్రై వైపు వెళ్ళండి. నేరుగా డ్రై అందుకుంటే "ఇదేంటి వెనిగరా" అని జీవితాంతం సైడర్ మొహం చూడరు. స్వీట్ చివర్లో.

పెద్ద కంపెనీల సైడర్‌కీ దీనికీ తేడా ఎందుకంత? ఇక్కడి పన్ను నిబంధనల ప్రకారం 35 శాతం రసం ఉంటే చాలు సైడర్ అనొచ్చు, మిగతాది నీళ్ళు, చక్కెర. తోటల్లో చేసేవాళ్ళు ఎక్కువమంది పూర్తి రసంతో, తొక్క మీదుండే సొంత ఈస్ట్‌తోనే పులియబెడతారు. సీసా మీద "పూర్తి రసం" అన్న అర్థంలో ఏదైనా రాసి ఉందా అని వెతకండి. ఏడాదికి 7,000 లీటర్ల లోపు చేసే చిన్నవాళ్ళకి సుంకం కూడా లేదు, అందుకే ఇన్ని తోటల్లో, కార్ల షెడ్లలో, పశువుల కొట్టాల్లో సైడర్ పీపాలు కనిపిస్తాయి.

7. తోటకి వెళ్ళినప్పుడు

లెడ్‌బరీ నుంచి రాస్ వెళ్ళే దారిలో మచ్ మార్కల్ అనే ఊరుంది. అక్కడ వెస్టన్స్ వాళ్ళు 1880 నుంచి సైడర్ చేస్తున్నారు. ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీయే, కానీ చూపించడానికి తీసుకెళతారు. భారీ ఓక్ పీపాలకి కూడా మనుషుల్లాగా పేర్లు పెట్టుకున్నారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇది మంచి బడి. హెరిఫర్డ్‌లో పాత సైడర్ ఫ్యాక్టరీలో మ్యూజియం కూడా ఉంది. వాన పడితే అక్కడికి పోండి. పెద్ద సైడర్ కంపెనీ బుల్మర్స్ మొదలైంది ఈ ప్రాంతంలోనే, 1887లో.

చిన్న తోటలు మాత్రం వేరు. ముందు ఫోన్ చేయండి లేదా మెసేజ్ పెట్టండి, అది వాళ్ళ ఇల్లు. నేను వెళ్ళిన ఒక చోట గేటు దగ్గర అట్టముక్క మీద "గంట కొట్టండి, గట్టిగా కొట్టండి" అని రాసి ఉంది. కొడితే బురద బూట్లతో ఒక పెద్దాయన వచ్చి, ఏం మాట్లాడకుండా షెడ్డు తలుపు తీసి, పీపాకున్న చెక్క కొళాయి తిప్పి, పాత గ్లాసులో రెండు వేళ్ళంత పోసి, నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. రంగు పలచటి టీ డికాక్షన్. వాసన తడి గడ్డివాము. మొదటి గుక్క వగరుకి నా దవడలు పట్టేశాయి, ఆ వెనకే మిగల ముగ్గిన ఆపిల్ తీపి లీలగా వచ్చింది. "మ్?" అన్నాడాయన. "మ్" అన్నాను. అదే మా సంభాషణ. తర్వాత మూడు పీపాలు రుచి చూపించాడు.

ఇలాంటి చోట పాటించాల్సినవి చెబుతా. తాగలేకపోతే నేల మీదో బకెట్‌లోనో పారబోయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. రుచి చూసి ఏదీ కొనకుండా రావడం బాగోదు, కనీసం ఒక సీసా తీసుకోండి. నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి, కొన్ని చోట్ల మనిషే ఉండడు, సీసాలు బల్ల మీద పెట్టి పక్కన డబ్బుల డబ్బా ఉంచుతారు. కుక్క మొరుగుతుంది, మొరగనివ్వండి.

రాస్ దగ్గర పీటర్‌స్టో అనే ఊళ్ళో రాస్ ఆన్ వై సైడర్ అండ్ పెర్రీ వాళ్ళు ఒక్కో ఆపిల్ రకంతో విడివిడిగా చేసిన సీసాలు అమ్ముతారు. తేడాలు పక్కపక్కన పెట్టి తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

8. పెర్రీ

సైడర్ ఆపిల్‌తో అయితే పెర్రీ పియర్‌తో. ఈ పియర్ పండ్లు కూడా తినలేం, గోళీకాయంత ఉండి గొంతు పట్టేస్తాయి. కానీ రసం పులిస్తే వచ్చేది చాలా సున్నితంగా, కొంచెం పూల వాసనతో, షాంపేన్‌కి చిన్నాన్న కూతురిలా ఉంటుంది. చెట్లు రెండు మూడు వందల ఏళ్ళు బతుకుతాయి. మచ్ మార్కల్‌లోనే హెలెన్స్ అనే పాత బంగ్లాకి వెళ్ళే దారికి ఇరువైపులా 1710లో నాటిన పియర్ చెట్లలో కొన్ని ఇంకా ఉన్నాయి. మే హిల్ అనే గుట్ట కనిపించే మేరలోనే మంచి పెర్రీ పండుతుందని ఇక్కడి నమ్మకం. నేను లెడ్‌బరీ నుంచి ఆ గుట్ట కోసం చాలాసేపు వెతికాను, తలమీద చెట్ల గుంపుతో గుర్తుపట్టొచ్చు.

ఒక హెచ్చరిక. పియర్‌లో సార్బిటాల్ అనే ఒక రకం తీపి ఉంటుంది, ఈస్ట్ దాన్ని తినలేదు. అందుకే పెర్రీ పూర్తి డ్రైగా చేసినా కొంచెం తియ్యగానే ఉంటుంది. అదే సార్బిటాల్ కడుపుని కదిలిస్తుంది కూడా. బస్సు ప్రయాణం ముందు వద్దు, ఇంతకంటే వివరంగా చెప్పలేను.

9. తిండి, మనవాళ్ళ పట్టింపులు

ఖాళీ కడుపుతో మొదలుపెట్టకండి. చిప్స్ ప్యాకెట్ కొని, దాన్ని మూడు వైపులా చింపి బల్ల మీద పళ్ళెంలా పరిచి అందరి మధ్యలో పెట్టడం ఇక్కడి పద్ధతి. ప్లౌమన్స్ అంటే రొట్టె, చీజ్, ఆవకాయ కాని ఒక తియ్యటి ఊరగాయ, వెనిగర్‌లో నానిన ఉల్లిపాయ. డ్రై సైడర్‌తో ముదురు చెడ్డార్ చీజ్ తిని చూడండి, చీజ్‌లోని కొవ్వు వగరుని సగం మింగేస్తుంది.

స్కాచ్ ఎగ్‌లో గుడ్డు చుట్టూ ఉండేది పంది మాంసం. ఏల్ పై అనే వంటకంలో ఉండేది దాదాపు ఎప్పుడూ బీఫ్. బంగాళాదుంప వేపుళ్ళు కూడా కొన్ని చోట్ల గొడ్డు కొవ్వులో వేపుతారు, అడిగితే చెబుతారు. ఇంకోటి, శాకాహారులకి, శనివారం నీచు ముట్టనివాళ్ళకి: చాలా కాస్క్ బీర్లని తేర్చడానికి చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వేస్తారు. పట్టింపు ఉంటే వీగన్ అని రాసున్నవో, తేర్చకుండా మబ్బుగా వదిలేసినవో అడగండి. సైడర్‌లో ఈ బెడద తక్కువ. మా పిన్ని వచ్చినప్పుడు ఇది చెబితే, గ్లాసు పక్కన పెట్టి, "ముందే చెప్పొచ్చు కదరా, సగం తాగాక చెప్తావా" అని తిట్టింది.

10. బాగోలేకపోతే

వెనిగర్‌లా పులుపు, తడి అట్టపెట్టె వాసన, బీరులో కరిగిన వెన్న వాసన, ఇవి పాడైన గుర్తులు. రెండు గుక్కల్లోపే గ్లాసు తీసుకెళ్ళి నెమ్మదిగా "ఇది కొంచెం తేడాగా ఉంది, మీరోసారి చూస్తారా" అనండి. మంచి పబ్బులో మారు మాట లేకుండా మార్చి ఇస్తారు. సగం తాగాక తీసుకెళితే మాత్రం నవ్వుతారు. నురగ మరీ ఎక్కువుండి బీరు తక్కువైతే నింపమని అడగొచ్చు. సైడర్‌లో గోళ్ళ రంగు తుడిచే మందు వాసన వస్తే వదిలేయండి. ఇంకో తమాషా లోపం ఉంది, వాసన చూస్తే ఏమీ తెలియదు, మింగిన కొన్ని క్షణాలకి నోట్లో ఎలుక కలుగు గుర్తొస్తుంది. ఉమ్ముతో కలిశాకే అది బయటపడుతుంది. కొందరికి అసలు తెలియదు, మా బావమరిది అలాంటిది హాయిగా తాగేసి బాగుందన్నాడు.

ఒక్కో దాని తర్వాత ఒక గ్లాసు కొళాయి నీళ్ళు అడగండి, ఉచితమే. ఫోన్‌లో పేరు, ఊరు, రెండు మాటలు రాసుకోండి. "చేదు 3, చివర్లో వేపపూత", "పులుపు ముందు, వగరు వెనక" ఇలా. మూడో గ్లాసు తర్వాత అన్నీ అద్భుతం అని రాయడం మొదలవుతుంది, అక్కడ ఆపేయండి.

11. ఇంటికి తీసుకెళ్ళడం

కాస్క్ బీరు మోసుకెళ్ళడం కుదరదు, ప్లాస్టిక్ డబ్బాలో పట్టించుకుంటే ఆ రాత్రికో మర్నాటికో తాగేయాలి. సైడర్, పెర్రీ సీసాలు ఎంచుకోండి. ఇండియాకి ఒక్కొక్కరికి సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం అనుమతి, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, ఒక చిన్నది. చేతిసంచిలో కాదు, చెక్-ఇన్ పెట్టెలో, జీన్స్ ప్యాంటు కాలులోకి దూర్చి, దాన్ని మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి.

సీసాలోనే పులిసిన రకమైతే అడుగున తెల్లటి మడ్డి ఉంటుంది, అది పాడు కాదు, ఈస్ట్. ఇంటికి చేరాక ఒక రోజు ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచి, వంటింట్లో సింక్ మీద పట్టుకుని నెమ్మదిగా మూత తీయండి. మా అత్తగారింట్లో నేను డైనింగ్ టేబుల్ మీద తీశాను, ఫ్యాన్ రెక్కల మీద ఆ మరక ఇంకా ఉంది.